రెండు చివర్ల కొలత

మార్చి 3

మామయ్యా,

ముందే చెప్తున్నాను, వద్దు. నీ అల్యూమినియం ఫెన్స్ నాకొద్దు. మొన్న ఫోన్లో నేను "వద్దు" అన్నాను, నువ్వు "సరే సరే, పంపిస్తాలే" అన్నావు, నేను ఫోన్ పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

అమ్మ కూడా ఇది చదువుతుంది కాబట్టి ఈ నాలుగు ముక్కలూ ఆవిడ కోసం. నువ్వు దాటేయ్. అమ్మా, రౌటర్ అంటే కంటికి కనపడనంత వేగంగా తిరిగే చిన్న కత్తి. దాన్ని బల్ల కింద తలకిందులుగా బిగిస్తే కత్తి మొన మాత్రం పైకి పొడుచుకొస్తుంది. చెక్కని దాని పక్కగా తోస్తే అంచు తెగి, అద్దం కూర్చునే గాడి పడుతుంది. చెక్క అటూ ఇటూ జారకుండా ఆనించి తోయడానికి బల్ల మీద ఒక నిలువు పట్టీ ఉండాలి. అదే ఫెన్స్. రౌటర్ మా దగ్గరుంది, బల్ల మేమే చేశాం. ఫెన్స్ లేదు. దాన్ని మీ తమ్ముడి షాపులో కొనాలా, మేమే చేసుకోవాలా అన్నది గొడవ.

గొడవ చిన్నదే, వెనకున్నది పెద్దది. నేను, పొడుగుపిల్ల, పాలిష్ వదిన (వదిన నాకేమీ కాదు, వాళ్ల వీధంతా అలాగే పిలుస్తుంది) ముగ్గురం మేస్త్రీ కార్ఖానాలో రెండేళ్లు ఇసుక కాగితం రుద్దాం. మెషీన్ దగ్గరికి వెళ్తే "ఆడపిల్లలకి అక్కడేం పని, పొట్టు కళ్లలో పడుతుంది" అనేవాడు. మరి రుద్దేటప్పుడు పడే దుమ్ము కళ్లలో పడదా? అడిగాను. అడిగిన రోజే బయటికొచ్చాం. ఇప్పుడు ఊళ్లో లైబ్రరీ బీరువాలకి ముప్పై రెండు అద్దాల తలుపులు కావాలి. ఇరవయ్యో తేదీన కమిటీ వాళ్లు మా షెడ్డుకొచ్చి ఒక నమూనా తలుపు చూస్తారు. నచ్చితే పని మాది. నచ్చకపోతే మేస్త్రీది, షెడ్డుకి తాళం. ఆయన అప్పుడే చెప్పుకుంటున్నాడట, "వాళ్ల ముగ్గురి స్టూళ్లూ అలాగే ఉంచాను" అని. నేను ఆ స్టూలు మీద మళ్లీ కూర్చోను. రాసిపెట్టుకో.

నీ ఫెన్స్ కొంటే ఏమవుతుందని అడిగావు. ఇవాళ ఫెన్స్ కొంటాం, రేపు దాని మర అరిగితే మర కోసం ఎదురుచూస్తాం, ఎల్లుండి ఆ కంపెనీ మర చేయడం మానేస్తే చేతులు కట్టుకు కూర్చుంటాం. నేను చదివిన కరపత్రంలో ఒక మాటుంది: పనిముట్టు ఎవరి చేతిలో తయారవుతుందో, పని ఎవరు చేయాలో వాళ్లే చెప్తారు. నువ్వు నవ్వుతున్నావని తెలుసు.

నాకు కావాల్సింది ఒక్కటే. మేస్త్రీ మెషీన్ దగ్గర ఫెన్స్ కదిపినప్పుడల్లా రెండు చివర్లా టేపు పెట్టి కొలిచేవాడు. బల్ల అంచుకి రెండు చివర్లూ సమాన దూరంలో ఉండాలన్నమాట. ఆ రెండు కొలతల మధ్య ఎంత తేడా ఉండొచ్చని నీ కేటలాగులో రాశారో చూసి చెప్పు. అంతే.

నీ మేనకోడలు

మార్చి 6

మిరపకాయ్ తల్లీ,

నీ ఉత్తరం కౌంటర్ మీద విప్పితే పక్కన మేకులు కొంటున్న ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. అంత ఘాటుగా ఉంది.

ముందు నీ ప్రశ్న. కేటలాగులో తేడా గురించి ఏమీ రాయలేదు. ఫెన్సుకి రెండు చివర్లా స్కేళ్లు మాత్రం ఉన్నాయి. రెండు స్కేళ్లు పెట్టారంటే రెండూ ఒకటే చూపించాలనేగా? వెంట్రుకలో సగం కూడా తేడా ఉండకూడదని నేను కొనేవాళ్లకి చెప్తుంటాను. ఇరవై రెండేళ్లలో ఎవరూ కాదనలేదు. అంత ఖచ్చితం చేత్తో వస్తుందా చెప్పు. అల్యూమినియం తేమకి ఉబ్బదు, ఎండకి వంగదు. నువ్వు చేసే ప్లైవుడ్ ఫెన్స్ రెండు వానలకి అప్పడంలా తయారవుతుంది.

ఇంక ఆ అట్టలేని పుస్తకాల సంగతి. చదువు, వద్దనను. కానీ నన్ను పెట్టుబడిదారు కింద జమకట్టకు. పొద్దున్నించీ నిలబడి నిలబడి నా పిక్కల్లో నరాలు తాళ్లలా తేలాయి. షాపు నాది కాదు, గాజుగదిలో కూర్చునే ఆయనది.

నిన్న మీ మేస్త్రీ కత్తులు కొనడానికి వచ్చాడు. నీ గురించి అడిగాడు. "మా పిల్ల ఫెన్స్ కూడా సొంతంగా చేసుకుంటోంది" అని గట్టిగా చెప్పాను. నవ్వాడు. నవ్వనీ.

పార్సిల్ ఒకటి పంపుతున్నాను. గొడవ చేయకుండా తీసుకో. వేళ్లు జాగ్రత్త. నీకేమైనా అయితే మా అక్క నన్ను ఇంట్లోకి రానివ్వదు.

మామయ్య

మార్చి 9

మామయ్యా,

చెప్పావా! వెళ్లి వెళ్లి మేస్త్రీకే చెప్పావా!

ఆయన నిన్న మా షెడ్డు ముందు మోపెడ్ ఆపి, లోపలికి కూడా రాకుండా, రోడ్డు మీంచే "ఏమ్మా, ఫెన్స్ కుదిరిందా? రెండు చివర్లూ కొలిచారా?" అని అరిచి వెళ్లాడు. వీధంతా విన్నది. నేను అప్పుడు నిజంగానే రెండో చివర కొలుస్తున్నాను, చేతిలో టేపుంది. టేపు వెనక్కి దాచేశాను. నేను ఏదైనా దాచుకోవడం ఎప్పుడైనా చూశావా? దీనికి నిన్ను క్షమించేది లేదు.

పార్సిల్ వచ్చింది. పొడుగ్గా, బరువుగా ఉంది. అదేంటో నాకు తెలుసు. విప్పలేదు. తెచ్చినతన్ని ఆపి, అదే బండిలో తిప్పి పంపాను. "వద్దు" అన్న మాటకి ఇంకో అర్థం ఉంటే చెప్పు, నేర్చుకుంటాను.

మా ఫెన్స్ తయారైంది. రెండు ప్లైవుడ్ పలకలు జిగురుతో అంటించి, పైన రాళ్ల బరువు పెట్టి ఒక పగలంతా ఉంచాం. మధ్యలో కత్తి పట్టేలా అర్ధచంద్రంగా కోశాం. మొదటి ముక్క తోస్తే అంచు అలలు అలలుగా తెగింది. నేను పొడుగుపిల్ల మీద అరిచాను, తను నా మీద అరిచింది. పాలిష్ వదిన వంగి, ఫెన్స్ అడుగున వేలితో గీరి చూపించింది. పొట్టు. రంపపు పొట్టు ఫెన్స్ మూలలో పేరుకుని చెక్కని బయటికి నెడుతోంది. ఫెన్స్ అడుగు అంచుని చిత్రికతో కొంచెం ఏటవాలుగా చెక్కేశాం. ఇప్పుడు పొట్టుకి దాక్కోవడానికి సందుంది, చెక్కకి అడ్డం లేదు. ఇది ఏ కేటలాగులో ఉంది?

ఇంకొకటి కూడా జరిగింది. అమ్మకి చదవనివ్వకు. పొడుగుపిల్ల తొందరలో ఒక సన్న ముక్కని కత్తికీ ఫెన్సుకీ మధ్య సందులోంచి తోసింది. కత్తి దాన్ని లాక్కుని బాణంలా విసిరింది. గోడకి గుచ్చుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సందులోంచి ఇంకెప్పుడూ తోయకూడదని గోడ మీద ఎర్ర రంగుతో రాశాం. గుచ్చుకున్న ముక్కని తీయలేదు, చూసినప్పుడల్లా గుర్తుండాలని.

మిగిలింది రెండు చివర్ల కొలత. ఒక్కో చివరా ఒక్కో బోల్టు పెట్టాం. ఒక చివర సరిచేస్తే రెండోది కదులుతుంది. వెంట్రుకలో సగం అన్నావు కదా. నిన్నటి నుంచీ అదే పని. సాధిస్తాం.

నీ మేనకోడలు (ఇంకా కోపంగా)

మార్చి 12

అమ్మాయీ,

పార్సిల్ తిరిగొచ్చింది. షాపులో అందరి ముందూ వచ్చింది. గాజుగదిలో ఆయన కూడా చూశాడు.

అందులో ఫెన్స్ లేదు. నీ ఉత్తరం చదివాక పిల్ల మాట మీదే ఉంటుందిలే అనుకుని, ఫెన్స్ పక్కన పెట్టి, మీటరు పొడుగు ఉక్కు స్కేలూ ఒక మంచి మూలమట్టమూ పెట్టాను. ఫెన్స్ తిన్నగా ఉందో లేదో చూసుకోడానికి స్కేలు, బల్ల మీద నిటారుగా నిలబడిందో లేదో చూసుకోడానికి మూలమట్టం. చేసుకునేవాళ్లకి ఇచ్చే సరుకే పంపాను. నువ్వు విప్పి కూడా చూడలేదు. నాకు బాధేసింది. ఇంకా వేస్తూనే ఉంది, కాబట్టి ఈ ఉత్తరంలో జోకులు లేవు.

మళ్లీ పంపుతున్నాను. ఈసారి లారీ డ్రైవరు తెస్తాడు. అతనికి వెనక్కి తీసుకురావద్దని చెప్పాను.

కొనమని ఎందుకంటానో విను. కౌంటర్ అవతల ఉన్న ముఖాలు నాకు గుర్తుండవు, చేతులు గుర్తుంటాయి. ఇరవై రెండేళ్లుగా కౌంటర్ మీద పెట్టే చేతులే చూస్తున్నాను. నాలుగు వేళ్ల చేతులు, మూడు వేళ్ల చేతులు. వచ్చి "ఈసారి మంచి ఫెన్స్ ఇవ్వండి" అంటారు. ఈసారి! గోడకి గుచ్చుకున్న ముక్క గురించి చదివి కౌంటర్ వదిలేసి బయటికెళ్లి నిలబడ్డాను. మీ అమ్మకి చూపించలేదు.

ఇంకో సంగతి. లైబ్రరీ వాళ్ల దరఖాస్తు మా షాపుకి కూడా వచ్చింది. దాంట్లో ఏడో గడి చూశావా? "వాడిన యంత్ర పరికరాల తయారీ కంపెనీ పేరు" అని ఉంది. అది ఖాళీగా ఉంటే దరఖాస్తు పక్కన పడేస్తారు. నేనొక కంపెనీ పేరుతో బిల్లు రాసి పంపుతాను, అది జతచేయి. ఫెన్స్ కొననక్కర్లేదు. అందరూ చేసేదే. ఎవరూ అడగరు.

మామయ్య

మార్చి 16

మామయ్యా,

స్కేలూ మూలమట్టమూ అందాయి. విప్పకుండా పంపడం తప్పే. ఒప్పుకుంటున్నాను. ఇది నేను రోజూ రాసే వాక్యం కాదు, కాబట్టి కత్తిరించి దాచుకో.

ఇప్పుడు చెప్పేది నిలబడి చదవకు, కూర్చో.

మొన్న పొద్దున ఎడమ చివర బోల్టు మర అరిగిపోయింది. వారం రోజులు బిగించీ విప్పీ, బిగించీ విప్పీ, అరగక ఏం చేస్తుంది. నేను తల పట్టుకుని కూర్చున్నాను. పొడుగుపిల్లకి ఓపిక అయిపోయింది. ఆ చివర బోల్టు పీకేసి, ఇనుప బిగింపు ఒకటి ఎక్కడ పడితే అక్కడ బిగించేసింది. ఫెన్స్ బల్ల మీద అడ్డదిడ్డంగా, కుడి చివరకీ ఎడమ చివరకీ బెత్తెడు తేడాతో ఉంది. "ఏంటే ఇది, బల్ల మీద దారి తప్పిన పాములా!" అని నేను అరుస్తూనే ఉన్నాను, తను కోపంతో ఒక ముక్క తోసేసింది.

అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకేలా తెగింది.

నమ్మలేదు. కొలిచాను. వదిన కొలిచింది. ఫెన్స్ ఇంకా వంకరగా తిప్పి ఇంకో ముక్క తోశాం. అదీ అంతే. అప్పుడు వదిన అంది: "కత్తి గుండ్రంగా ఉందిగా. దానికి ముందేది, వెనకేది?"

అంతే మామయ్యా. గది మధ్యలో ఒక స్తంభం ఉందనుకో. దానికీ గోడకీ మధ్య దూరం ఎంత అంటే ఒక్కటే జవాబు, గోడ ఎటు తిరిగి ఉన్నా సరే. కత్తి ఆ స్తంభం. ఫెన్స్ ఆ గోడ. తిన్నగా ఉండాలి, బల్ల మీద నిటారుగా ఉండాలి, కత్తి నుంచి ఎంత దూరమో అది సరిగ్గా ఉండాలి. బల్ల అంచుతో దానికి పనే లేదు! మేస్త్రీ రెండు చివర్లూ కొలిచేది రంపం మెషీన్ మీద. రంపం బిళ్ల బల్ల పైన పొడుగు గీతలా నిలబడి ఉంటుంది కాబట్టి అక్కడ ఫెన్స్ దానికి సమాంతరంగా ఉండాలి, లేకపోతే చెక్క ఇరుక్కుంటుంది. ఆ అలవాటుతో రౌటర్ దగ్గరా కొలిచేవాడు. మేం ఇరవై అడుగుల దూరంలో, ఇసుక కాగితం బెంచీ మీంచి, మెడలు చాచి చూసి, అదే పెద్ద విద్య అనుకున్నాం. దగ్గరికి రానిచ్చి ఉంటే ఒక్క పూటలో అడిగేవాళ్లం, "ఇక్కడెందుకు కొలుస్తున్నారు?" అని. దూరం నుంచి చూసి నేర్చుకున్నదానికి ఇన్ని రోజులు పోశాం. ఆ రోజు నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతోంది.

నువ్వు కూడా, మామయ్యా! వెంట్రుకలో సగం! ఎంతమందికి చెప్పావు?

ఇప్పుడు కుడి చివర ఒకే ఒక్క బోల్టు. అది ఇరుసు. ఎడమ చివర చేత్తో కొంచెం జరిపి బిగింపు వేస్తే చాలు. నీ అల్యూమినియం ఫెన్స్ కొని ఉంటే బతికినన్నాళ్లూ రెండు స్కేళ్లూ సరిచేసుకుంటూ కూర్చునేవాళ్లం. వానకి ఉబ్బుతుందన్నావు, నిజమే. ఉబ్బితే ఇంకోటి చేస్తాం. ఎలా చేయాలో ఇప్పుడు ముగ్గురికీ తెలుసు.

బిల్లు వద్దు. పొడుగుపిల్ల కావాలంటోంది. "నీ పట్టుదల నువ్వు తింటావు, నేనేం తినాలి?" అంది. అయినా వద్దన్నాను. మేం చేసినదాన్ని ఇంకొకరు చేశారని రాయడానికా ఇంత దూరం వచ్చింది? నువ్వు ఆ మాట అన్నావంటే మేం ఓడిపోతామని ముందే అనుకున్నావన్నమాట. అది నాకు బిల్లు కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

నీ మేనకోడలు

మార్చి 18

తల్లీ,

నువ్వు ఓడిపోతావని కాదు, వాళ్లు గెలవనివ్వరని భయపడ్డాను. రెండూ ఒకటి కావు. బిల్లు మాట మర్చిపో. అనకుండా ఉండాల్సింది.

నీ ఉత్తరం చదివి మధ్యాహ్నం షాపులో ప్రదర్శనకి పెట్టిన బల్ల దగ్గరికెళ్లాను. ఇన్నేళ్లలో దాని దుమ్ము తుడిచానే కానీ ఒక్క ముక్క తోయలేదు. స్విచ్ వేశాను. ఫెన్స్ అడ్డదిడ్డంగా బిగించి తోశాను. అంచు ఒకేలా వచ్చింది. అక్కడే ఉన్న ఒకాయన "అయితే ఆ రెండో స్కేలు ఎందుకండీ?" అన్నాడు. "నాకు తెలీదండీ" అన్నాను. ఇరవై రెండేళ్లలో కౌంటర్ దగ్గర ఆ మాట అనడం మొదటిసారి. గాజుగదిలోంచి పిలుపొచ్చింది. ఆయనేమన్నాడో ఇక్కడ రాయను. నేను మాత్రం "నిజం కాదని తెలిశాక చెప్పలేనండీ" అన్నాను. నీతో ఉత్తరాలు రాసుకుంటే వచ్చే జబ్బు ఇదే.

ఎల్లుండి గట్టిగా నిలబడు. గట్టిగా అన్నాను, గట్టిగా అరవమనలేదు.

మామయ్య

మార్చి 25

మామయ్యా,

ఫోన్లో అమ్మకి "పని మాదే" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. మిగతాది నీకు కాగితం మీదే చెప్పాలి.

కమిటీ వాళ్లు ముందు మేస్త్రీ కార్ఖానా చూసి, ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. లైబ్రరీ ఆవిడ, ఒక ఇంజనీరు, మేస్త్రీ. ఇంజనీరు తలుపు జోలికే వెళ్లలేదు. తిన్నగా బల్ల దగ్గరికెళ్లి, "ఫెన్స్ వంకరగా ఉంది" అన్నాడు. మేస్త్రీ పెదవి విరిచాడు. నేను నోరు తెరిచేలోపు వదిన నా కాలు తొక్కింది. తనే ఒక ముక్క తోసి, కొలిచే పరికరం ఇంజనీరు చేతిలో పెట్టి, "మీరే కొలవండి" అంది. ఆయన కొలిచాడు. ముక్క తిప్పి కొలిచాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. ఈలోగా లైబ్రరీ ఆవిడ మా తలుపుకి అద్దం కూర్చోబెట్టి చెవి దగ్గర ఊపి చూసింది. గలగలమనలేదు. "పాతవన్నీ రోడ్డు మీద బండి వెళ్తే గలగలమంటాయి, చదువుకునేవాళ్లు నన్ను తిడతారు" అంది.

అప్పుడు ఇంజనీరు దరఖాస్తు తీశాడు. ఏడో గడిలో నేను "మేమే" అని రాశాను. "ఇది కుదరదు. కంపెనీ పేరుండాలి" అన్నాడు. చేసినవాళ్లం ఎదురుగా ఉన్నామన్నాను. "నియమం" అన్నాడు. ఆ నియమం రాసినవాళ్లు ఎప్పుడైనా ఒక్క పనిముట్టు చేశారా అని అడిగాను. గొంతు పెరిగింది, నిజమే. అబద్ధం రాయనని చెప్పాను. ఆ ముప్పై రెండు తలుపులూ గుమ్మం దాటి వెళ్లిపోవడం కళ్లకి కట్టినట్టు కనిపించింది. పొడుగుపిల్ల నా చేతిలోంచి పెన్ను లాక్కుంది. కంపెనీ పేరేదో రాసేస్తోందనుకుని ఆపబోయాను. తను రాసింది: "ముగ్గురి షెడ్డు కంపెనీ."

"ఇలాంటి కంపెనీ ఉందా?" అన్నాడు ఇంజనీరు.

"మీరు నిలబడింది దాంట్లోనే" అంది పొడుగుపిల్ల.

"ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచి."

లైబ్రరీ ఆవిడ కాగితం తీసుకుని చదివి, "గడిలో పేరే అడిగారు, వయసు అడగలేదు కదండీ" అని సంతకం పెట్టేసింది. నేను ఇన్ని కరపత్రాలు చదివాను, నాకు తట్టలేదు. తనకి తట్టింది. తన ముందు కొంచెం సిగ్గుపడ్డాను, చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

అందరూ వెళ్లాక మేస్త్రీ ఆగాడు. మా ఫెన్స్ చుట్టూ తిరిగాడు. ఆ ఒక్క బోల్టు మీద చెయ్యి పెట్టి, ఎడమ చివర అటూ ఇటూ జరిపి చూశాడు. "దీని కొలతలు తీసుకోవచ్చా?" అన్నాడు. పొడుగుపిల్ల వద్దని సైగ చేసింది. నాకూ మొదట వద్దనాలనే అనిపించింది, గట్టిగా. కానీ చేసిందాన్ని దాచుకుంటే ఆయనకీ నాకూ తేడా ఏంటి?

"తీసుకోండి. కానీ మీరు కాదు. మీ ఇసుక కాగితం బెంచీ దగ్గర ఇంకా ఇద్దరున్నారు కదా. వాళ్లని పంపండి, వాళ్లకే చూపిస్తాం. వాళ్లొచ్చి మీ మెషీన్ మీద బిగిస్తారు" అన్నాను.

"వాళ్లకేం తెలుస్తుంది?" అన్నాడు.

"మాకు తెలిసినంత" అన్నాను.

మోపెడ్ ఎక్కి వెళ్లిపోయాడు. పంపుతాననీ అనలేదు, పంపననీ అనలేదు. పంపడని నాకు తెలుసు.

ఇవాళ పొద్దున ఎనిమిదింటికి తలుపు తీస్తే ఆ ఇద్దరిలో ఒకామె బయట నిలబడి ఉంది. జుట్టు నిండా తెల్లటి చెక్కదుమ్ము, చేతిలో టేపు. నాకు సంతోషం పట్టలేక, "మేస్త్రీ పంపాడా?" అన్నాను.

నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరు పంపాలి?" అంది.

నీ మేనకోడలు,
ముగ్గురి షెడ్డు కంపెనీ నుంచి